చూడని పూట

నా పిహెచ్‌.డి. గైడు సారు మొన్న మంగళవారం తెల్లవారుజామున తిరుపతిలో, ఇంట్లోనే, గుండె ఆగి చనిపోయారు. ఆఫీసు ఫోను పెట్టేసి నా క్వార్టర్ దాకా నడిచొచ్చి కబురు చెప్పింది మా పరిశోధన కేంద్రం వాచ్‌మన్ అన్న. "సారు ఇంక లేడప్పా" అన్నాడు. "చేపలకు ఈ పొద్దు మేత ఎవురెయ్యాల?" అని అడిగినాడు. అంతకంటే మంచి సంతాప ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

తిరుపతి నుంచి ఏర్పేడు పోయే దోవలో, కండక్టర్లు "చేపలాఫీసు" అని కేకేసే చోట, నేను మంచినీటి చేపల మీద పరిశోధన చేశాను. చేశాను అనకూడదు, సారు చేయించారు. పుట్టి బుద్ధెరిగి ఆయన చేప ముక్క నోట పెట్టలేదు. చేపల మేత మాత్రం రోజూ తినేవారు. తవుడూ చెనిక్కాయ చెక్కా కలిపిన ముద్దను చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, పెండ్లిలో సాంబారు రుచి చూసే పెద్దమనిషిలా నిలబడేవారు. "ముక్కిపోయిందప్పా, మార్చు" అనేవారు. ఎందుకు సార్ ఈ కష్టం అంటే, "బాగలేదని అవి వచ్చి చెప్తాయా నీకు?" అనేవారు. ఒకసారి గురుభక్తితో నేనూ రుచి చూశాను. ఆ రోజే హాస్టల్ ఉప్మా మీద నాకున్న ఫిర్యాదులన్నీ వాపసు తీసుకున్నాను.

సూర్యుడి కంటే ముందు లేచి, చెరువు నీళ్ళు సీసాలో పట్టి, మందు కలిపి, ఆక్సిజన్ ఎంతుందో కొలిచి రిజిస్టరులో రాయడం నా పని. ఏడాది పాటు, రోజూ. కొలవని పూట ఆ గడిలో "చూడలేదు" అని రాయాలి. పక్కన సారు ఆకుపచ్చ సిరాతో పొట్టి సంతకం పెడతారు. నా పేజీల్లో ఆ సంతకం పడకూడదని నా పంతం.

ముసురు పట్టిన ఒక పొద్దున దుప్పటి గెలిచింది. ఎనిమిదింటికి లేచి, ముందురోజు అంకెను కొంచెం జరిపి గడిలో వేశాను. నిద్రకళ్ళతో రాసినట్టుండాలని అక్షరం కూడా కాస్త వంకర తిప్పాను. కళాకారుణ్ణి మరి.

సారు ఆ గడి మీద వేలు పెట్టారు.

"తెల్లారి నేను గట్టుమీదనే ఉండానప్పా. చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు తెరిచి, ఊపిరాడక కొట్టుకుంటా ఉండాయి. నీ పుస్తకంలో మాత్రం సుఖంగా ఉండాయే."

స్కాలర్‌షిప్పు, థీసిస్, మా నాయన ఊళ్ళో అప్పటికే చాటేసిన 'డాక్టరు' బిరుదు, అన్నీ కలిసి ఆ చెరువులోనే మునగడం నాకు కనిపించింది.

"మీరు కొలిచింటారు కదా సార్. ఆ అంకె ఇయ్యండి, వేసుకుంటా."

"అది నేను చూసింది. నువ్వేం చూసినావు?"

"దుప్పటి సార్."

నవ్వలేదు. "ఖాళీ ఉంటే ఒక పూట పోతాది. దొంగ అంకె ఉంటే మిగతా పూటలన్నీ ఎవురు నమ్మాల? కొట్టేసి రాయి" అన్నారు. రాశాను. పక్కన ఆకుపచ్చ సంతకం పడింది. ఆ తర్వాత ఆ మాట ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా.

వైవా రోజున మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ గడి దగ్గరే ఆగినారు. "ఏడాదిలో ఈ ఒక్క పూట ఏమైంది?" సారు వైపు చూశాను. ఆయన ఎన్నడూ లేనిది సీలింగు ఫ్యానును పరిశోధిస్తున్నారు.

"నిద్రపోయినాను సార్."

పరీక్షకుడు కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "అంటే మిగతా రోజులు లేచినావన్నమాట" అని పేజీ తిప్పారు. బయటికొచ్చాక సారు టీ ఇప్పించి, "ఇంక పోయి నిద్రపో డాక్టరూ" అన్నారు.

ఉద్యోగం కూడా నాకు అక్కడే దొరికింది. మొన్న మంగళవారం అందరం ఆయన ఇంటికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చాం. వాచ్‌మన్ అన్న మేత బకెట్టుతో గట్టుమీద నిలబడి ఉన్నాడు. చిటికెడు నోట్లో వేసుకున్నాను. "బాగుండాది, ఎయ్యన్నా."

లోపలికొచ్చి రిజిస్టరు తీశాను. ఆ పొద్దు కొలిచే వంతు నాది, కబురు రావడంతో సీసా ముట్టలేదు. పైగడిలో నిన్నటి అంకె ఉంది. కింద ఏ అంకె వేస్తే అతుకుతుందో ఇన్నేళ్ళ అనుభవం మీద నాకు బాగా తెలుసు.

"చూడలేదు" అని రాశాను. పక్కన సంతకం పట్టేంత చోటు వదిలిపెట్టాను.