సినిమాలో పడ్డ వీపు

షెకీనా కాలు లేస్తే ఎదుట నిలబడ్డవాడికి దేవుడు గుర్తొస్తాడు. అంత కాలుండి ఏం లాభం? యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్ల మధ్య నీలం చాపలు పరిచి, బిస్కెట్లు నములుతూ వచ్చే పిల్లలకు తైక్వాండో నేర్పడమే ఆమె బతుకు. పెళ్ళి మాట వస్తే తల్లి దేవకృప నెత్తి కొట్టుకునేది.

"తన్నుడు నేర్సినవ్, మంచిదే. తన్నులు తినే మొగన్ని యాడికెల్లి తేవాలె నేను?"

"దొరికితే తోల్కరా అమ్మా. ఎముకలు గట్టిగున్నయా సూసి ఒప్పుకుంట."

షెకీనా గెలిచిన పతకాలు ఇంట్లో మేకుకు వేలాడి మసిపట్టాయి. వాటిని చూసినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడు ఒక సినిమా పని వచ్చింది. పిల్ల తైక్వాండో ఆడుతుందట, పిల్లగాడు ఆమె చేతిలో తన్నులు తిని ప్రేమలో పడతాడట. తన్నులకు పుట్టే ప్రేమ ఏం ప్రేమో రాసినవాడికే తెలియాలి. పోనీ, హీరోయిన్‌కు కాలు లేస్తుందా అంటే మోకాలు నడుము దాటదు. అందుకే ఫైట్ మాస్టర్ జయకృష్ణ వెతుక్కుంటూ సెల్లార్‌కు దిగాడు. తన్నే కాలు షెకీనాది, తెర మీద ముఖం ఆ పిల్లది. సొమ్మొకరిది, సోకొకరిది.

షెకీనా ఒక్కటే అడిగింది. "మాస్టర్, ఒక్క షాట్‌ల నా మొఖం పడాలె. మా అమ్మ సూడాలె."

"గదెంత పని, తల్లీ! హీరోయిన్ చేతిల ఓడిపోయే పిల్ల నువ్వే. పడ్తవ్, లేస్తవ్, హెల్మెట్ తీసి ఆమె కండ్లల్లకు సూస్తవ్. కెమెరా సీదా నీ మొఖం మీదికొస్తది."

ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక ఫంక్షన్ హాలును స్టేడియంలా తయారు చేశారు. పొద్దున షెకీనా హీరోయిన్ ఎర్ర కవచం తొడుక్కొని గాలిని తన్నింది. అన్నాలయ్యాక నీలం కవచం తొడుక్కొని, పొద్దున తను తన్నిన తన్నుకే తను వెల్లకిలా పడింది.

ఇక్కడ సైలస్ సార్ సంగతి చెప్పాలి. చర్చి వెనక ఖాళీ జాగాలో చిన్నప్పుడు ఆమెకు ఈ విద్య నేర్పింది ఆయనే. మొదట నేర్పింది తన్నడం కాదు. బెల్టు వదులైతే ఎదుటి మనిషి ముందు సర్దుకోకూడదు. వీపు తిప్పి, అటు తిరిగి బిగించుకోవాలి. ఆ తర్వాతే ఇటు తిరిగి తల వంచాలి. మరిచిన పిల్లను జాగా అంతా కప్పగంతులు వేయించేవాడు. తిండి మరిచినా షెకీనా అది మరవదు.

కెమెరా తిరిగింది. షెకీనా పడింది, లేచింది. హెల్మెట్ తీసింది. కెమెరా పట్టాల మీద జారుకుంటూ ముఖం దగ్గరికి వస్తోంది. ఎదురుగా హీరోయిన్. షెకీనా నడుం దగ్గర బెల్టు ఊడి వేలాడుతోంది. ఇంకేముంది, ఆమె అడగకుండానే ఒళ్ళు గిర్రున తిరిగింది. వీపు పెట్టి, ముడి బిగించి, ఇటు తిరిగేసరికి కెమెరా హీరోయిన్ కన్నీళ్ళ మీదికి వెళ్ళిపోయింది.

"కట్! సూపర్!" అని డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

షెకీనా ఉరికింది. "మాస్టర్, జెర ఇంకొక్కసారి!"

"మేడమ్‌కు ఫ్లైట్ టైమైంది, తల్లీ. పరేషాన్ గాకు. ఓడిపోయిన బాధంత నీ వీపులనే కనబడ్డదంటున్నడు డైరెక్టర్."

"మొఖముండంగ వీపుకేం బాధ మాస్టర్?"

జయకృష్ణ అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

ఇంట్లో ఎలా చెబుతుంది? దేవకృప అప్పటికే చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళందరి చెవిన వేసింది. సినిమా విడుదలైన ఆదివారం ఆరాధన కాగానే థియేటర్‌లో ఒక వరుస కుర్చీల నిండా వాళ్ళే కూర్చున్నారు. ఆ సీను వచ్చింది. దేవకృప కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏదే? నువ్వేదే?"

"గా అటు తిరిగిన పిల్ల."

"ఇటు తిరుగుతది గదా?"

"తిరగదమ్మా."

వెనక నుంచి పక్కింటి కాంతమణి తల ముందుకు పెట్టింది. "దేవకృపక్కా, మీ బిడ్డ ఎప్పుడొస్తది? ఇంటర్వెల్ అయినంకనా?"

తెర మీద ఆ వీపు ఉన్నంతసేపూ హాలులో ఒక్కరే చప్పట్లు కొట్టారు. చివరి వరుసలో కూర్చున్న సైలస్ సార్.

బయట పెద్ద పోస్టర్ మీద కాలు ఎత్తిన హీరోయిన్ నవ్వుతోంది. పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. కాలు చూస్తే షెకీనాదే, చీలమండ మీద పాత మచ్చతో సహా. సైలస్ సార్ కర్ర పట్టుకొని మెల్లగా మెట్లు దిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"శబాష్ బిడ్డా! అంత మంది ముంగట సుత మర్యాద తప్పలే. అందరు యాక్టింగే జేసిండ్రు, తైక్వాండో నువ్వొక్కదానివే ఆడినవ్."

షెకీనా ఆయన వైపు చూసింది.

"మీరు నేర్పకపోతే, సార్, ఇయ్యాల మా అమ్మ నా మొఖం సూసేది."

ముసలాయన కర్రను గోడకు ఆనించి మెల్లగా అటు తిరిగాడు. చొక్కా సర్దుకుంటున్నాడేమో అనుకుంది షెకీనా. చొక్కా ఎక్కడా చెదరలేదు. ఆయన ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.