కాలవ వైపు కిటికీలు

ఆయన్ని ఊళ్ళో అందరూ ప్లాన్ల బాబు అనేవాళ్ళు. ఇల్లు కట్టాలన్నా, గది పెంచాలన్నా ఆయన గీసిందే గీత. అలాంటి మనిషికి ఊరి చరిత్ర మ్యూజియం పని దొరికేసరికి కాళ్ళు నేల మీద నిలవలేదు. గుట్ట వాలుకు ఒదిగి ఉండేలా, గాలే గదుల్ని చల్లబరిచేలా కడతానన్నాడు. కర్రకు దారం కట్టుకుని, నడి ఎండాకాలంలో మూడు రోజులు గాలి ఎటు నుంచి వస్తుందో చూశాడు. కాలవ వైపు పెద్ద పెద్ద కిటికీలు పెట్టాడు. వాటికి తలుపుల్లేవు, పైన చూరు లేదు.

మేస్త్రి తాపీ పక్కన పెట్టి, "బాబూ, వానాకాలంలో జల్లు ఈ పక్క నుంచే కొడుతుంది. రెండు మూరల చూరన్నా దింపుదాం," అన్నాడు.

"ప్లాను గీసింది నువ్వా, నేనా?" అన్నాడు ప్లాన్ల బాబు. కూలీలు కిసుక్కుమన్నారు. మేస్త్రి మళ్ళీ తాపీ అందుకున్నాడు.

మొదటి వానకే లోపల మడమ లోతు నీళ్ళు! మ్యూజియంలో పెట్టడానికని తెచ్చి గోడవారగా పేర్చిన బడి పాత రిజిస్టర్లు, ఊళ్ళో అందరి తాతల పేర్లూ ఉన్నవి, నాని ముద్దయ్యాయి. మ్యూజియం పని చూసే అధికారి వచ్చి, కట్టడం సరిగా లేదని కూలీలందరి ముందూ మేస్త్రిని కడిగేసి, పనిలోంచి పొమ్మన్నాడు. పక్కనే ఉన్న ప్లాన్ల బాబు ప్లాను కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. మేస్త్రి ఉండే వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. భార్య ఊరుకుంటుందా?

"ఏం, ఆ వీధి నిండా ముళ్ళు మొలిచాయా?"

చెప్పేశాడు. ఆవిడ అంతా విని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాంతో ఇంకా సిగ్గేసింది.

మర్నాడు అధికారి గదికి వెళ్ళి తప్పు తనదేనన్నాడు. ఆయన మేస్త్రిని మళ్ళీ పిలవమన్నాడు. ప్లాన్ల బాబు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మేస్త్రి ఎవరిదో ప్రహరీకి సున్నం వేస్తున్నాడు. తిరిగి చూడలేదు.

"నాదే తప్పని చెప్పేశాను మేస్త్రీ."

"ఎవరెవరున్నారక్కడ?"

"ఆయనొక్కడే."

"నన్ను పదిమందిలో అన్నారు బాబూ."

ప్లాన్ల బాబు ముఖం మాడిపోయింది. మరుసటి ఉదయం కూలీలంతా చేరాక ఇటుకల పక్కన నిలబడ్డాడు. "చూరు వెయ్యమని మేస్త్రి ముందే చెప్పాడు. నేనే వినలేదు. పైగా మీ ముందు అతని మాట తీసిపారేశాను," అన్నాడు. చెవులు వేడెక్కాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది.

ఎప్పుడొచ్చాడో, గేటు దగ్గర నిలబడి విన్న మేస్త్రి లోపలికొచ్చి, కిటికీ పై అంచును చేత్తో కొలిచాడు.

"దీని సంగతి నేను చూస్తాను. మీరెళ్ళి ఆ కాగితాలు ఆరబెట్టండి."

ప్లాన్ల బాబు నేల మీద చతికిలబడి ఒక్కో కాగితమే విడదీస్తున్నాడు. సిరా కరిగి, చాలా పేర్లు నీలి మరకలయ్యాయి. ఇసుక మోస్తున్న ఒకావిడ తట్ట దించి వంగి చూసింది.

"మా తాత పేరుందా బాబూ?"

"వెతుకుతున్నానమ్మా," అన్నాడు, తలెత్తకుండా.