పెద్దాయన తినమన్న రొట్టె

దేవపాలు మేకలు అమ్ముకుని బతికిన మనిషి. జమ్మలమడుగు సంతలో మేకను నిలబెట్టి, కొనేవాడు అడగకముందే దాని లోపాలన్నీ చెప్పేసేవాడు. "పాలు శానా ఇస్తాదప్పా, గానీ ఒట్టి దొంగది. తలుపు మూయకుంటే నీ సంగటి గిన్నెలో మూతి పెడతాది." కొనేవాళ్లు నవ్వుకుంటూ ఆ మేకనే తోలుకుపోయేవారు. కిరస్తానీ దేవపాలు అబద్ధమాడడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా ఊరు ఒక పార్టీ, ఏటి అవతలి ఊరు ఇంకో పార్టీ. అవతలి ఊరి మనిషొకడు చేలో చచ్చి పడి ఉంటే, కేసు మా ఊరి పార్టీని నడిపే పెద్దాయన అల్లుడి మీద పడింది. పెద్దాయనకు సాక్షులు కరువు కాదు. జడ్జి నమ్మే సాక్షే కరువు. అట్లా దేవపాలు ప్రొద్దుటూరు కోర్టులో బోనెక్కి, దేవుని ఎదుట ప్రమాణం చేసి, ఆ పొద్దు అల్లుడు తన ఇంటి ముందర మేక బేరమాడుతూ కూర్చున్నాడని చెప్పాడు. అంతకుముందే, ఇంటికొచ్చి అడిగిన పోలీసులకు ఆయన భార్య రత్నమణి తలుపు చాటునుంచి "ఔను సార్" అంది. కాదంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కేసు కొట్టేశారు. పెద్దాయన ఇంటి ముందర టపాకాయలు పేలాయి.

మనుషుల కోర్టులో తేలిపోయింది. కానీ నెలకోసారి బల్ల ఆదివారం వస్తుంది కదా! ఆ రోజు మా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ముందు అయ్యగారు హెచ్చరిస్తారు. అబద్ధం కడుపులో పెట్టుకొని ఈ రొట్టె తిన్నవాడు తీర్పును కూడా తింటాడని. దేవుడితో అబద్ధమాడి, నిలబడ్డచోటే ఒకరి తర్వాత ఒకరు కూలిపోయిన బైబిల్లోని మొగుడూ పెళ్లాల సంగతి కూడా గుర్తు చేస్తారు. తర్వాత మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క వచ్చి మోకరిస్తారు. ఎవరు లేవకుండా కూర్చున్నారో అందరికీ కనబడుతుంది. ప్రార్థనకు కళ్లు మూసుకున్నవాళ్లకు ఇంకా బాగా కనబడుతుంది.

మొదటి నెల దేవపాలుకు కడుపునొప్పి వచ్చింది. దండిగా మూలిగాడు గానీ మధ్యాహ్నం కోడికూర వాసనకు లేచి కూర్చున్నాడు. రెండో నెల, పులివెందులలో వదినకు బాగాలేదని బస్సెక్కాడు. ఆ వదిన అదే ఆదివారం మా ఊరొచ్చి, చర్చి మెట్ల మీద నిలబడి అందరినీ పేరుపేరునా పలకరించింది.

"ఒక అబద్ధానికి ఇన్ని పిల్లలా?" అంది రత్నమణి. "నీ మేకలే నయం."

మూడో నెల బల్లకు ముందు పెద్దాయన మనిషి ఓబులేసు ఇంటికొచ్చాడు.

"ఏంది మామా, రొట్టె మానేసినావంట?"

"ఒంట్లో బాగల్యా అబ్బోడా."

"అవతల పార్టీవోళ్లు హైకోర్టుకు పోతాండారు. కిరస్తానోడు రొట్టె ముట్టడంల్యా, సాక్ష్యం అబద్ధమేనని ఊరూరా చెప్తాండారు. పెద్దాయన నిన్ను తినమన్నాడు."

"అది పెద్దాయన చెప్తే తినేది కాదు నాయనా."

"ఎవురు చెప్తే ఏంది మామా? నోట్లో ఏసుకునేదే గదా. నేనూ వచ్చి కూచుంటా."

దేవపాలు పరుగున అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. అయ్యగారి పేరు దాసయ్య. చిన్న వయసు, చిన్న పిల్లలు.

"అయ్యగారూ, కోర్టులో నేను చెప్పింది..."

"వద్దు దేవపాలన్నా!" అని అయ్యగారు చేతులడ్డం పెట్టారు. "నాకు చెప్తే రేపు నన్ను అడుగుతారు. తెలీదని చెప్పాల్సొస్తాది. అప్పుడు నేనూ నీ మాదిరే అయితా."

"మరి యాడ చెప్పుకోవాల?"

"దేవుడికి చెప్పుకో."

"ఆయనకు తెల్సు గదయ్యా! తెల్సనే గదా నా ఏడుపు!"

ప్రార్థన చేద్దామన్నారు అయ్యగారు. ఏమడగాలో ఇద్దరికీ తోచలేదు. కాసేపు కళ్లు మూసుకొని, ఆమెన్ అనేసి లేచారు.

ఆదివారం ఓబులేసు వెనక బెంచీ మీద కూర్చుని పాటల పుస్తకంతో విసురుకున్నాడు. దేవపాలు వెళ్లి మోకరించాడు. అయ్యగారు ఆయన ముఖం చూడకుండానే రొట్టె ఇచ్చారు. ముక్క నోట్లో పడగానే, కూలిపోతానేమోనని దేవపాలు ముందున్న కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. కూలలేదు. ఓబులేసు పని అయిపోయినట్టు లేచి, బయట బీడీ ముట్టించాడు.

అప్పుడు దేవపాలు ఆడవాళ్ల పక్కకు చూశాడు. అందరూ మోకరించి ఉన్నారు. రత్నమణి ఒక్కతే తల మీదికి కొంగు లాక్కొని, చాప మీద కూర్చునే ఉంది. ఆడవాళ్లను కూడా చూసి రమ్మని ఓబులేసుకు ఎవరూ చెప్పలేదు. కానీ చర్చి అంతా చూస్తోంది. సాయంత్రానికల్లా ఊరు చెప్పుకుంటుంది.

లేచి రమ్మని సైగ చేయబోయాడు. చేస్తే ఆమెను కూడా తనతో లాగినట్టు. చేయకపోతే రేపు వాకిట్లో ఎవరు నిలబడతారో తెలుసు. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. రొట్టె ఇంకా నాలుక మీదే ఉంది.

"తాగన్నా," అన్నారు అయ్యగారు నేల చూస్తూ, గిన్నె అందిస్తూ.

తాగాడు.