బోర్లించిన సొరబుర్ర

మా పాలెంలో నీళ్ళకు చింతగింజలతో లెక్క కట్టేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. గిద్దలూరుకు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో, మెట్ట పొలాల నడుమ ఉండేది మా క్రైస్తవ పాలెం. ఊరిబావి దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకే మిషన్ వాళ్ళు కొంత సాయం చేస్తే మావాళ్ళే ఒక బావి తవ్వుకున్నారు.

తవ్వేటప్పుడు గునపం పట్టిన ఇళ్ళు పదో పన్నెండో. వాళ్ళు నెలకు ఒక మానెడు జొన్నలు కొలిస్తే చాలు, ఎన్ని కుండలైనా తోడుకోవచ్చు. తర్వాత వచ్చి చేరిన ఇళ్ళకు మాత్రం కుండకొక గింజ. బావి పక్కనే ఉన్న చర్చి వసారా గోడకు మేకులు కొట్టి, ఇంటికొక సొరబుర్ర వేలాడదీశారు. నీళ్ళు మోసుకుపోతూ మన బుర్రలో ఒక చింతగింజ వేసి పోవాలి. నెలాఖరున సంఘపెద్ద గింజలు లెక్కపెట్టి, దానికి తగ్గట్టు జొన్నలు కొలిపించేవాడు. ఆ జొన్నలు చేంతాడుకూ, పూడిక తీసేవాళ్ళ కూలికీ సరిపోయేవి. గింజ ఎగ్గొట్టినవాళ్ళు ఉన్నట్టు నేను వినలేదు. దేవుడి గోడకు వేలాడే బుర్రతో అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక్క పురిటింటికి మాత్రం మినహాయింపు. బిడ్డ పుట్టిందని తెలియగానే ఆ ఇంటి బుర్రను ఖాళీ చేసి, మేకుకు బోర్లించేవాళ్ళు. బోర్లించిన బుర్రలో గింజ నిలవదు కదా! బాలింత లేచి తిరిగేదాకా ఆ ఇంటి నీళ్ళకు లెక్క లేదు.

మా నాయన కరువుకు హనుమంతునిపాడు వైపు నుంచి వలస వచ్చినవాడు. కాబట్టి మాది గింజల ఇల్లు. నేను మిషన్ బళ్ళో చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నాలుగు ముక్కలు వచ్చేసరికి నాకు నోరు కూడా వచ్చింది. ఎదురింటివాళ్ళు గునపం ఇంటివాళ్ళు. వాళ్ళ పాడి ఎనుమును రోజూ బావినీళ్ళతో కడిగేవాళ్ళు. ఆ నీళ్ళు మా గడప ముందు నుంచే పారేవి. మేమేమో జొన్నలు కడిగిన నీళ్ళతో గిన్నెలు కడుక్కునేవాళ్ళం. చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. సంఘపెద్దను పాలెమంతా పెద్దనాయన అనే పిలిచేది.

"పెద్దనాయనా, ఎనుము పోసుకునే నీళ్ళకు గింజ లేదు. మా నాయన తాగే నీళ్ళకు ఉంది. ఇదేం న్యాయం?"

"మేము తవ్వినాము బిడ్డా. నా చేతులు చూడు."

"తవ్వినోళ్ళు సగం మంది పోయినారు. ఇప్పుడు తోడుకునేది వాళ్ళ కోడళ్ళు. వాళ్ళేం తవ్వినారు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన ముఖం ముడుచుకుపోయింది. కాసేపు గునపం ఇళ్ళవాళ్ళు తమలో తాము గుసగుసలాడుకున్నారు. చివరికి ఆయన లేచాడు.

"సరే, ఇంక అందరికీ గింజే. అయితే అందరికీ అంటే అందరికీ. రేపు పురుడొచ్చిందని ఎవరూ బుర్ర బోర్లించేది లేదు. అట్లయితే మాకు సమ్మతమే. ఏం బిడ్డా?"

"అట్లే కానీండి పెద్దనాయనా" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గెలిచానన్న ఊపులో ఉన్నాను. ఆడవాళ్ళ వరసలో ఆరో నెల కడుపుతో కూర్చున్న మా వదిన నన్ను చూసి మురిసిపోతూ నవ్వింది.

ఆ మార్పు వల్ల మేలే జరిగింది, అది కాదనను. ఎనుములను వాగుకు తోలుకుపోవడం మొదలైంది. ఏటా ఎండాకాలం రాగానే బురద తేలే బావి ఆ ఏడు తేటగా ఉంది. గింజల ఇళ్ళవాళ్ళు నన్ను చూస్తే పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. నేను అడిగినదాంట్లో తప్పు లేదు. తప్పే అయి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

వదినది కంభం చెరువు కింద ఊరు. నీళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలో ప్రతి గిన్నె రెండుసార్లు తొలిచి మా అమ్మ చేత తిట్లు తినేది. మా అన్న గిద్దలూరులో రైలు పట్టాల మీద కూలీ. జీతాల రోజుకు ఇంటికొచ్చేవాడు. స్టేషన్లో ఇంజనుకు పెద్ద గొట్టంతో నీళ్ళు పడతారనీ, సగం కిందనే పారిపోతాయనీ చెప్తే, వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, ఆ నీళ్ళు ఎవురూ పట్టుకోరా?" అనేది.

ఆమెకు తల్లి లేదు. అందుకే తొలి పురుడైనా మా ఇంట్లోనే పోశాం. ఎండలు ముదిరిన రోజుల్లో, బుర్రలు ఖాళీ చేసిన మర్నాడే ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు ఇంట్లో జొన్నలు అడుగంటాయి. మంత్రసాని వెళ్తూ వెళ్తూ, "వేణ్ణీళ్ళకు వెనకాడొద్దు, గుడ్డలు ఏ పూటకాపూట ఉడకేయండి" అని చెప్పి పోయింది. నేను కుండ తీసుకుని బయలుదేరితే వదిన మంచం మీంచి పిలిచింది.

"వద్దమ్మీ. ఉన్నవాటితో సరిపెడదాం. మన బుర్ర ఎట్ల నిండుతాదో అని వాళ్ళు చూస్తా ఉండారు. నువ్వు పొయ్యి బోర్లించమని అడిగితే నీ మాట ఏం గాను?"

నాకూ అదే భయం. ఆమె చెప్పిందనే సాకు దొరికింది నాకు. ఎదురింటివాళ్ళ ముందు తలవంచుకోవడం ఇష్టం లేక, కుండ దించేశాను. ఇప్పుడు ఎవరి దగ్గర దాచాలి? నా పంతమే అది. గుడ్డలన్నీ ఒకే కొయ్య తొట్టిలో, ఒకే నీళ్ళలో జాడించాను.

ఐదో రోజున, "తలకు పోసుకోవాలని ఉందమ్మీ, జుట్టంతా జిగటగా ఉంది" అంది. తలకు పోయాలంటే నాలుగైదు కుండలు కావాలి. అన్న జీతంతో వచ్చాక పోసుకుందువులే అన్నాను. సరేనని కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రమే జ్వరం అందుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని ఎనిమిదో రోజు తెల్లవారుజామున నాయన బండి కట్టాడు. బండి వాకిట్లో ఉండగానే ఆమె పోయింది.

నీళ్ళు చాలకనే పోయిందా? నీళ్ళు పుష్కలంగా ఉన్న ఇళ్ళల్లో కూడా పురిటి జ్వరాలు వచ్చాయి. ఓదార్చవచ్చినవాళ్ళంతా నాకు ఆ మాటే చెప్పారు. నేను మాత్రం ఆ తొట్టిని పొయ్యిలోకి పనికొచ్చేలా నరికేశాను.

పసిదాన్ని మా అమ్మ ఒళ్ళో పెట్టి, వదినకు ఆఖరి స్నానం చేయించడానికి నీళ్ళకోసం బావికి పోయాను. చర్చి వసారాలో మా ఇంటి బుర్ర మేకుకు బోర్లించి ఉంది. కింద అరుగు మీద మా గింజలు చిన్న కుప్పగా పోసి ఉన్నాయి. పక్కనే పెద్దనాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడలేకపోయాడు.

"పురిటింట్లో గింజలు ఇంతేనా బిడ్డా?" అన్నాడు.

లెక్కపెడితే ఎనిమిది రోజులకు ముప్పై ఒకటి. పురుడు లేని రోజుల్లోనే రోజుకు ఆరు పడేవి మా బుర్రలో.

"నాతో ఒక్క మాట చెప్పుంటే" అంటూ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను బావి గట్టెక్కి చేంతాడు అందుకున్నాను. ఎదురింటి కోడలు కూడా తన కుండ తెచ్చి నా పక్కన నిలబడింది. గునపం ఇళ్ళ ఆడవాళ్ళూ, గింజల ఇళ్ళ ఆడవాళ్ళూ కలిసి తోడారు.

మొదటి చెంబు వదిన తల మీద నేనే పోశాను. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, జిగట పోయేదాకా కడిగాను. పదకొండు కుండలు పట్టాయి. ఎవరూ గింజ వేయలేదు.