మూడు రాళ్ళూ ఒక తుమ్మ పొదా

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, నిజామాబాదులోని ఒక చిన్న కంప్యూటర్ గదిలో నేను లారీ పందెం వీడియో గేమ్‌కు మ్యాపులు తయారు చేసేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. రోడ్డునూ మలుపులనూ చేత్తో గీయాలి. అటూ ఇటూ ఉన్న బీడు భూమిని నింపడానికి మాత్రం, మ్యాపులు గీసే ఎడిటర్ ప్రోగ్రామ్‌లో ఒక బటన్ ఉండేది. నొక్కితే రాళ్ళూ, పొదలూ, గడ్డి దుబ్బులూ ఎక్కడంటే అక్కడ వాటంతటవే పడేవి. ఏ రెండు మ్యాపుల్లోనూ ఒకేలా పడవని నాకు పని నేర్పినప్పుడు చెప్పారు.

ఒక ఉదయం యజమాని నా మ్యాపులు రెండు పక్కపక్కన తెరిచి నన్ను పిలిచారు.

"గీ మూలకు సూడు. మూడు రాళ్ళు, ఒక తుమ్మ పొద. గా మ్యాపుల గూడ గవే మూడు రాళ్ళు, గదే పొద. కాపీ కొట్టినవా?"

"లేదు సార్. దేనికది కొత్తగ చేసిన."

"మరి రాళ్ళు నడుసుకుంట వచ్చినయా?"

మిగిలినవీ తెరిచారు. రోడ్లు వేరు, రాళ్ళు అవే.

"పొద్దుమీకె దాక సూస్త. సంగతేందో చెప్పు. లేకుంటె రేపటి సంది రాకు."

నా అనుమానం పక్క సిస్టమ్ మీద పనిచేసే అక్క మీదికి పోయింది. ఆమె మ్యాపుల్లో రాళ్ళు ఎప్పుడూ కలవలేదు. రోజూ నేను భోజనానికి బయటికి వెళ్ళినప్పుడు గదిలో ఉండేది ఆమె ఒక్కతే. ఆ రోజు నేను లేవలేదు. కుర్చీలోనే కూర్చుని ఆమె చేతులను గమనించాను.

"ఏంది తమ్మీ, పోలీసోని తీర్గ సూస్తున్నవ్? మధ్యాన్నం గదిల నువ్వు లేనప్పుడు నేనేం జేస్తననా?"

నేను చూపు నా తెర మీదికి తిప్పుకున్నాను.

"నీ పని సూస్కో. మ్యాపు మ్యాపుకు ఎడిటర్ మూస్తవ్, మల్ల తెరుస్తవ్. పొద్దంత గండ్లనే పాయె. నేనైతె ఒక్కసారి తెరిస్తె ఇంటికి పొయ్యేటప్పుడు గూడ మూయ."

నిజమే. ఒక పని ముగిస్తే భద్రపరచి, ప్రోగ్రామ్ మూసి, ఆ తరువాతే మరొకటి మొదలుపెట్టాలని శిక్షణలో చెప్పిన మాటను నేను నియమంగా పాటించేవాణ్ణి. అనుమానం వచ్చి, ఎడిటర్ తెరిచి బటన్ నొక్కాను. మూడు రాళ్ళు, ఒక పొద. మూసి, తెరిచి, నొక్కాను. అవే. మూయకుండా మరోసారి నొక్కితే రాళ్ళు వేరే చోట పడ్డాయి. తెరిచిన ప్రతిసారీ తొలి నొక్కుకు రాళ్ళు పడే వరుస ఒక్కటే. నా మ్యాపులన్నింటికీ దక్కింది ఆ తొలి వరుసే.

యజమానిని పిలిచి చూపించాను. ఆయన నమ్మలేదు. నన్ను లేపి, తాను కూర్చుని, మూడుసార్లు మూసి తెరిచారు.

"గింత పద్ధతి మనిషివి ఏడ దొరికినవయ్యా నాకు! రేపటి సంది మూయకు. పాతవన్ని మల్ల నింపు."

మరునాడు భోజనానికి లేచాను. అక్క కూడా డబ్బా తీసుకుని నా వెంట లేచింది.

"మీరు లోపలే తింటరు గదక్కా?"

"ఇగ తినను తమ్మీ. నువ్వెప్పుడు లేస్తె నేనప్పుడే లేస్త."

ఆమె గడప దాటి, నేను బయటికి వచ్చేదాకా నిలబడి, తలుపు తానే దగ్గరికి వేసింది.