పిలిచే అక్షరాలు, కసిరే అక్షరాలు

అక్షరం కంటబడితే చాలు, అది మనిషిని పిలుస్తోందా, కసురుతోందా అని విచారణ మొదలుపెట్టేవాడు మా జీవరత్నం. అది తేలేదాకా తను పని చెయ్యడు, పక్కవాణ్ణి చెయ్యనివ్వడు. ఆ పక్కవాణ్ణి నేనే. బందరు బస్టాండు వెనక సందులో ఆయన డీటీపీ సెంటరూ, నా టైలరింగు షాపూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి.

నేను గుడ్డ మీద కత్తెర పెట్టానో లేదో, రెండు కాయితాలు పట్టుకుని వచ్చేవాడు.

"బావా, ఈ రెంటిలో ఏది పిలుస్తోంది?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదయ్యా."

"సరిగ్గా చూడు. ఈ 'ర' నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. పక్కింటావిడ గొడవకొచ్చినట్టు లేదూ?"

చూద్దును కదా, నిజంగానే అలా ఉంది. ఆ చూపులో పడి ఓ మాస్టారి ప్యాంటు కాస్తా నిక్కరైంది. మాస్టారు నన్ను తిట్టిన తిట్లు జీవరత్నం గోడ అవతల నుంచి విని, "ఆయన మాత్రం కసురుతున్నాడు బావా, అనుమానం లేదు" అన్నాడు.

ఆయనా నేనూ ఏ వరసా కాము. ఆయన చర్చికి వెళ్తాడు, నేను గుడికి వెళ్తాను. అయినా వచ్చిన మొదటి రోజే బావా అన్నాడు, నేనూ సరే అన్నాను. అక్కడే మునిగాను.

పెళ్ళికార్డు కోసం వచ్చిన ఓ పెద్దమనిషిని మూడు పూటలు తిప్పాడు. "ఈ అక్షరాలతో పిలిస్తే మీ చుట్టాలు గుమ్మం దగ్గరే ఆగిపోతారండీ" అని ఆయన గోల. ఆ పెద్దమనిషి, "ఆగితే ఆగనివ్వండి, భోజనాలు మిగుల్తాయి" అన్నా వినలేదు. ఇంకోసారి భార్య రమణమ్మగారితో అవనిగడ్డ వెళ్ళాలి. ఆవిడ సంచితో సహా బస్సెక్కి కూర్చుంది. ఈయన బస్సు ముందు నిలబడి బోర్డు వంక చూస్తూ, "ఎలా ఎక్కమంటావు, కసురుతుంటే" అంటున్నాడు. బస్సు ఆవిణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇలాంటి మనిషి దగ్గరికి బోర్డు రాయించుకుందామని వచ్చింది నాగాయలంక సత్యవతమ్మ.

ఫ్లెక్సీ బోర్డులు మా ఊళ్ళోకి కొత్తగా దిగిన రోజులవి. సత్యవతమ్మ వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. ఆవిడ చెయ్యి పడితే పండుగప్ప పులుసు వాసన సందు చివరిదాకా వచ్చేది. ఊళ్ళో చేపల గంప ఎత్తుకుని తిరిగిందల్లా, ధైర్యం చేసి మా ఎదురుగా వెంకట్రామయ్యగారి గది అద్దెకి తీసుకుని చేపల మెస్సు తెరిచింది. అంతా బాగానే ఉంది. తెరిచిన నెలే బాగాలేదు. కార్తీకమాసం మొదటి సోమవారం నాడు తెరిచింది మహాతల్లి.

కార్తీకంలో మా సందంతా ఉల్లిపాయ కూడా ముట్టుకోదు. "ఈ నెల చేపలెవరు తింటారమ్మా?" అని నేనంటే, ఆవిడ తెల్లబోయింది. "మా ఇంట్లో వల నిండితే వండుకోడమే గానీ నెల చూసుకోం అన్నయ్యగారూ. పైగా ఇప్పుడేగా చేపలు బాగా పడేది?"

వారం తిరిగేసరికి మెస్సులో ఈగలు కూడా మొహమాటపడుతున్నాయి. ఇంటి యజమాని వెంకట్రామయ్యగారు వచ్చి, కొంచెం పెద్ద గొంతుతో చెప్పేశాడు.

"చూడమ్మా, సెల్‌ఫోన్ల షాపువాళ్ళు ఈ గది కోసం నా చుట్టూ తిరుగుతున్నారు. కార్తీకం వెళ్ళేలోగా నీ కొట్టు నడిచిందా, ఉండు. లేదా, ఖాళీ చెయ్యి."

ఖాళీ చేస్తే మళ్ళీ గంపే. అందుకే ఆవిడ పరుగున జీవరత్నం దగ్గరికొచ్చింది. "మంచి బోర్డు పెడితే జనం వస్తారేమో అన్నయ్యగారూ. రేపటికి ఇచ్చెయ్యండి."

జీవరత్నం సంగతి తెలిసినవాణ్ణి, చేతిలో కత్తెర కింద పెట్టేశాను. రేపట. ఈయనకి ఒక్క 'స' తేలడానికే రెండ్రోజులు పడుతుంది.

అనుకున్నట్టే అయింది. 'సత్యవతి చేపల మెస్' అని గుండ్రంగా, ఏటవాలుగా, గిరజాలు తిరిగిన అక్షరాలతో, చేత్తో రాసినట్టుండే అక్షరాలతో రకరకాలుగా కాయితాలు తీశాడు. తీసినవన్నీ పట్టుకెళ్ళి మెస్సు లోపలి గోడకి అతికించాడు. ఇక తన దగ్గరికొచ్చిన వాళ్ళందర్నీ, జిరాక్సుకొచ్చిన కాలేజీ పిల్లల్నీ, పాంప్లెట్లకొచ్చిన పాస్టరు గారినీ, నా దగ్గర జాకెట్లకొచ్చిన ఆడవాళ్ళనీ కూడా ఎదురుగా తోలడం మొదలెట్టాడు.

"మీరు చదువుకున్నవాళ్ళు, ఏది పిలుస్తోందో చూసి చెప్పండి. నుంచుని చూస్తే తేలదండోయ్. కూర్చుని చూడాలి."

"బోర్డు బయట కదా వేళ్ళాడేది, లోపల కూర్చుని చూడ్డమేంటయ్యా?" అన్నాను.

"నీకు తెలీదు బావా, ఊరుకో."

కూర్చున్నాక మొహం చాటేసి లేచిపోవడం మనవాళ్ళకి రాదు. కార్తీకం వాళ్ళ కోసం విడిగా కొత్త గిన్నెల్లో గోంగూర పప్పూ, దోసకాయ పచ్చడీ చేయమని సత్యవతమ్మకి చెప్పి పెట్టాడట. చర్చి వాళ్ళకీ, పట్టింపు లేని బస్సు డ్రైవర్లకీ పులుసు ఉండనే ఉంది. తింటూ గోడ వంక చూసేవాళ్ళు. చూస్తూ వాదించుకునేవాళ్ళు. గిరజాలు బాగున్నాయని ఒక బల్ల, గుండ్రాలు బాగున్నాయని ఒక బల్ల. నిన్న ఓడినవాళ్ళు ఇవాళ బలగంతో వచ్చేవాళ్ళు. అంతా అయ్యాక జీవరత్నం వచ్చి, "ఊహూఁ, ఇంకా తేలలేదు" అని కొత్త కాయితాలు అతికించి పోయేవాడు.

సత్యవతమ్మ నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నెల అయిపోవస్తోంది, ఇంకా బోర్డే లేదు. ఆయనకి మీరైనా చెప్పండి." నాకు ఒళ్ళు మండి గోడ అవతలికి కేకేశాను. "ఆవిడ బతుకు రోడ్డున పడేలా ఉంది, నీ పిచ్చి తగలెయ్యా, ఏదో ఒకటి తేల్చు."

"తేల్చాల్సినాయన ఇంకా రాలేదు బావా" అన్నాడు, తాపీగా.

ఆయన మర్నాడొచ్చాడు. వెంకట్రామయ్యగారే. గది ఖాళీ చేయిద్దామని వచ్చిన మనిషి, గుమ్మంలో జనాన్ని చూసి ఆగిపోయాడు. జీవరత్నం చేతులు కట్టుకుని ఎదురెళ్ళాడు.

"సమయానికొచ్చారండీ. ఊరంతా రెండుగా చీలిపోయింది. ఇక మీరే చెప్పాలి. గది మీది, గోడ మీది, మీ మాటే ఆఖరు."

వెంకట్రామయ్యగారిని ఇంట్లో కూర ఏం చేయాలని కూడా ఎవరూ అడగరు. ఆయన కండువా సర్దుకుని కూర్చున్నాడు. పప్పన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, కళ్ళజోడు తుడుచుకుని అన్నీ రెండుసార్లు చూశాడు. చూసి, బండగా నిటారుగా ఉన్న ఒక కాయితం మీద వేలు పెట్టాడు. "ఇదీ. దీనికున్న పెద్దరికం వేరేవాటికి లేదు."

సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. వెంకట్రామయ్యగారే నిచ్చెన పట్టుకుని కట్టించాడు. దారినపోయే వాళ్ళనాపి, "అక్షరాలు నేనే సెలెక్ట్ చేశానండీ, లోపలికెళ్ళి కూర్చోండి" అంటున్నాడు. సెల్‌ఫోన్ల వాళ్ళొస్తే, "నా బోర్డు దింపి మీకిస్తానా?" అని పంపించేశాడు. కార్తీకం వెళ్ళిన మర్నాడు పప్పు తిన్నవాళ్ళంతా పులుసుకొచ్చారు. సత్యవతమ్మకి చెమట తుడుచుకోడానికి తీరిక లేదు.

నాకప్పటికి గానీ బుర్రకెక్కలేదు.

"అయితే కావాలనే నెల్లాళ్ళు సాగదీశావన్నమాట."

"కార్తీకంలో చేపల కొట్టుకి రమ్మంటే ఎవరొస్తారు బావా? సలహా చెప్పమంటే మాత్రం మనవాళ్ళు ఎంత పనున్నా మానుకుని వస్తారు."

ఇద్దరం నా గుమ్మంలో నిలబడి ఎదురుగా ఉన్న బోర్డు వంక చూశాం. దాని కింద వెంకట్రామయ్యగారు దారినపోయే వాళ్ళని ఇంకా లోపలికి పిలుస్తూనే ఉన్నాడు. నాకు చిన్న అనుమానం వచ్చింది.

"నిజం చెప్పు. ఆ అక్షరాలు పిలుస్తున్నాయా?"

జీవరత్నం తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. పాపం, లోపల ఎంత బాధపడుతున్నాడో మొహంలో తెలుస్తోంది.

"కసురుతున్నాయి బావా. గట్టిగానే."

"మరెలా ఒప్పుకున్నావయ్యా?"

"ఇంటాయన నవ్వుతున్నాడుగా" అన్నాడు.