హాలిడే అంటే ఎవరి రోజు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'హాలిడే'. పోర్టులో మా షెడ్డు నోటీసు బోర్డు మీద ఉండేది.

అప్పటికి నా భార్య పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఆఫ్ వచ్చిందంటే ఆ ఒంటిగది క్వార్టర్లో పొద్దు పోయేది కాదు. అందుకని నా ఆఫ్‌లన్నీ తోటివాళ్లకిచ్చేసి, వాళ్ల డ్యూటీ నేను చేసేవాణ్ణి. ఎవరైనా నా తలుపు తట్టారంటే దానికే. డ్యూటీ మార్పు చీటీ వాళ్లే రాసి తెచ్చేవారు. నేను వేలిముద్ర వేసేవాణ్ణి.

సాయంత్రాలు చర్చి వరండాలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ మాలాంటి పెద్దవాళ్లకు చదువు చెప్పేది. హాలిడే అంటే ఏమిటని ఆమెనే అడిగాను.

"సెలవే. మొదట్లో మాత్రం అది హోలీ డే. దేవుడి కోసమని పని మానేసి పక్కన పెట్టుకున్న రోజు."

"ఇంటికాడ మనిసే లేనోడికి ఆ రోజెందుకమ్మా?"

"నీ భార్య ఉన్నప్పుడైనా ఒక రోజు పక్కన పెట్టావా?"

నాకు కోపం వచ్చింది. లేచి వచ్చేశాను.

ఆ వారమే మా గ్యాంగువాడొకడు చీటీ తెచ్చాడు. సంతకం కొత్తగా వచ్చింది కదా, పెట్టేముందు చదివాను. 'కారణం: ఇతనికి ఇంటి దగ్గర ఎవరూ లేరు.'

"ఇదేటి రాసినావు?"

"ఎప్పుడూ అదే కదా బావ రాత్తన్నాం. ఆపీసోళ్లు మారు మాటాడకుండా ఒప్పేసుకుంటారు."

"ఈపాలి నాను ఇవ్వను."

"ఇంటికాడ కూకుని ఏటి సేత్తావు? గోడలు లెక్కెడతావా?"

"లెక్కెట్టుకుంటాను. నా గోడలు."

ఆఫ్ రోజు బస్సెక్కి భీమునిపట్నం వెళ్లాను. నా భార్య పుట్టిన ఊరు. ఒక్కసారి తీసుకెళ్లమని బతికినన్నాళ్లూ అడిగింది. ఆఫ్ దొరకలేదని చెప్పేవాణ్ణి. దొరికేది. ఓవర్‌టైముకు పోయేవాణ్ణి.

సముద్రం ఒడ్డున కూర్చున్నాను. పవిత్రంగా ఏమీ అనిపించలేదు. ఎండ మాడ్చింది, ఆకలేసింది. పెళ్లినాడు చూసిన వాళ్ల ఇల్లు ఏ వీధిలో ఉండేదో కూడా నాకు గుర్తులేదు. వలలు బాగుచేసుకుంటున్న ముసలామెను మా మామగారి పేరు చెప్పి అడిగితే, ఆ కుటుంబం ఎప్పుడో వెళ్లిపోయిందంది.

తరువాత షెడ్డులో నాతో మాటలు తగ్గిపోయాయి. చీటీ పట్టుకుని ఎవరూ రాలేదు. మరుసటి ఆఫ్‌కు మళ్లీ భీమునిపట్నం బస్సే ఎక్కాను. వెళ్లి చేసే పనేమీ లేదు. అయినా ఎక్కాను.